మా ఊళ్ళలో తీసిన రక్తానికి లెక్క ఏ పుస్తకంలో ఉంది?

అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ కార్యనిర్వాహక మండలి సభ్యులకు, భారత వైద్య పరిశోధన మండలి అధికారులకు, కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం కార్యదర్శి గారికి,

నమస్కారం.

నేను బరంపురంలో ఉంటాను. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. పంతొమ్మిదేళ్ళుగా నా బతుకుతెరువు పరిశోధన ప్రాజెక్టులకు ఊళ్ళు తిరిగి ఫారాలు నింపడం. గంజాం జిల్లా చికిటి, పాత్రపూర్ బ్లాకుల్లోనూ, సరిహద్దు దాటితే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట మండలాల్లోనూ నేను కూర్చోని అరుగు తక్కువ. కాగితం మీద నా హోదా ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్. ఊళ్ళో ఫారాలమ్మ అంటారు.

ఈ ఉత్తరం రాయడానికి కారణం పాత్రపూర్ వైపు ఒక ఊళ్ళో ఒక పెద్దాయన. కొత్త ప్రాజెక్టు ఫారం తీసుకుని ఆయన గుమ్మంలోకి వెళ్ళాను. సూది చూడగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మళ్ళీ ఒచ్చినావా అమ్మీ? ముందు మూడుసార్లు తీసిన రత్తం ఏటయిందో సెప్పు. అప్పుడు నాలుగోసారి తీద్దువు గాని."

ఆ మూడుసార్లూ ఆ ఇంటికి వెళ్ళింది నేనే. మూడు ప్రాజెక్టులూ మూడు వేర్వేరు సంస్థలవి. మూడింటికీ డబ్బు ప్రభుత్వానిదే. ఏ ఒక్క దాని ఫలితమూ నాకు తెలియదు. ఎవరిని అడిగితే తెలుస్తుందో కూడా తెలియదు. "కనుక్కుని చెబుతాను చిన్నాన్నా" అని వచ్చేశాను. ఏడాదిన్నర దాటింది. కనుక్కోలేకపోయాను.

కారణం ఇంకా తేలని ఉద్దానం కిడ్నీ జబ్బు అనగానే అందరికీ శ్రీకాకుళం జిల్లా గుర్తొస్తుంది. అక్కడి మనుషుల బాధ ముందు మా మాట చిన్నదే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి తెరిచినప్పుడు సంతోషించినవాళ్ళలో మేమూ ఉన్నాం. అయితే గిరిసోల చెక్‌పోస్టు దగ్గర మారేది రాష్ట్రం పేరే. పెళ్ళి సంబంధాలు మారవు, తోటల్లో కూలిపని మారదు. కవిటిలో పుట్టిన పిల్ల పాత్రపూర్ కోడలవుతుంది. పదిహేనేళ్ళ తర్వాత ఒళ్ళు వాచి ఆస్పత్రికి వెళితే చిరునామా గడిలో ఒడిశా అని రాస్తారు. ఏ నీళ్ళు తాగి పెరిగిందో రాసుకునే గడి లేదు. ఆంధ్రకు మంజూరైన ప్రాజెక్టు లెక్కలో ఆమె ఉండదు. ఒడిశాకు మంజూరైన ప్రాజెక్టులో ఉన్నా, ఆమె కథలో సగమే ఉంటుంది.

ఇక ఫారాల సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పనివ్వండి. మీ దగ్గరకు వచ్చే నివేదికలన్నీ ఈ ఫారాల మీదే నిలబడతాయి, కానీ నేను నింపిన ఫారం మీలో ఎవరి చేతికీ రాదు.

ఒక రైతు, వయసు 45. రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవరులో రెండు చీటీలు దాచుకున్నాడు. రెండూ ప్రాజెక్టులవాళ్ళు ఇచ్చినవే, మూడు వారాల తేడాతో. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ అంకె ఒకదానిలో 1.3, ఇంకోదానిలో 1.5. "ఇందులో ఏది నిజం?" అని అడిగాడు. క్రియాటినిన్ నుంచి కిడ్నీ వడపోతను అంచనా వేసే 2021 నాటి సికెడి-ఈపీఐ సూత్రం ఆ వయసు మగవాడికి వేసి చూస్తే, 1.3కి కిడ్నీ వడపోత రేటు 69 దగ్గర వస్తుంది. 1.5కి 58 దగ్గర వస్తుంది. రేటు 60కి దిగువన ఉండి, మూడు నెలలకు పైగా అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. అంటే ఒక ప్రాజెక్టు పుస్తకంలో ఈయనకు ఏమీ లేదు, ఇంకో ప్రాజెక్టు పుస్తకంలో అనుమానిత రోగి. ఆ 0.2 తేడా కిడ్నీదా, ల్యాబుదా? క్రియాటినిన్‌ను కొలిచే పద్ధతులు ఒకటి కాదు. జాఫే అనే పద్ధతిలో పరీక్షిస్తే రక్తంలోని గ్లూకోజు, బిలిరుబిన్ లాంటివి అంకెను అటూ ఇటూ నెడతాయి. ఎంజైము పద్ధతిలో ఆ బెడద తక్కువ. నేను నింపిన రెండు ఫారాల్లోనూ ఏ పద్ధతిలో పరీక్షించారో రాయడానికి గడి లేదు. మూడు నెలల తర్వాత మళ్ళీ రక్తం తీయడానికి రెండు ప్రాజెక్టులవాళ్ళూ రాలేదు. అప్పటికి ఒకదానికి డబ్బు అయిపోయింది. రెండోదానిలో రెండోసారి రావాలన్న మాటే లేదు.

ఆ రైతు ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషి ఈ దేశంలో లేడు. తెలివైనవాళ్ళు లేక కాదు. జవాబుకు కావలసిన రెండు ముక్కలను, ఏ పద్ధతిలో పరీక్షించారో, మూడు నెలల తర్వాత అంకె ఎంతో, ఎవరూ రాసి పెట్టలేదు, అంతే.

జనాభా లెక్క కూడా ఇంతే. మా జిల్లా మగవాళ్ళు సూరత్ మరమగ్గాల్లో పనికి వెళ్ళడం దశాబ్దాల ముచ్చట. హోలీకి, దసరాకి వస్తారు, పోతారు. ఒక ప్రాజెక్టు నిన్న రాత్రి ఇంట్లో పడుకున్నవాళ్ళనే రాయమంది. ఇంకోటి ఆరు నెలలకు మించి ఊళ్ళో ఉన్నవాళ్ళను రాయమంది. మూడోదానికి రేషన్ కార్డులో ఉన్న పేర్లన్నీ కావాలి. ఒకే వీధి, ఒకే నెల, మూడు జనాభాలు. వాటితో భాగించి వచ్చిన శాతాలను ముగ్గురూ ముగ్గురు అధికారుల ముందు పెడతారు. అధికారి ఆ మూడు శాతాలను పక్కపక్కన పెట్టి జబ్బు పెరుగుతోందనో తగ్గుతోందనో అంటాడు. నిజానికి ఆ తేడా సూరత్ రైలుది కావచ్చు.

నీళ్ళ గురించి ఒక ఫారంలో నుయ్యి, బోరు, కొళాయి అని మూడు గడులు. ఇంకో ఫారంలో రక్షితం, అరక్షితం అని రెండే. గట్టు కట్టిన నుయ్యి రక్షితమా కాదా అని మా బృందంలోనే రెండు రోజులు వాదన జరిగింది. చివరికి ఎవరికి తోచింది వాళ్ళు రాశాం. ఆ సంగతి ఏ నివేదికలోనూ ఉండదు.

ఊరి పేర్లూ అంతే. మా పట్నాన్నే తీసుకోండి. మేము బరంపురం అంటాం, పాత కాగితాల్లో బెర్హంపూర్, ఇప్పటి ప్రభుత్వ కాగితాల్లో బ్రహ్మపుర్. పశ్చిమ బెంగాల్‌లో ఇంకో బహరంపూర్ ఉంది. పర్లాకిమిడి, పారలాఖెముండి ఒకటేనని మాకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. పట్నాలకే ఇలా ఉంటే, తెలుగులో ఒకలా, ఒడియాలో ఒకలా పలికే చిన్న ఊళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. 2011 జనగణనలో ప్రతి ఊరికీ ఆరంకెల కోడ్ ఇచ్చారు. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలోనూ కోడ్ ఉంది. నేను పనిచేసిన ప్రాజెక్టుల్లో ఎక్కువ వాటికి ఆ కోడ్ వేయాలన్న నియమం లేదు. ఊరి పేరును ఇంగ్లీషులో, ఎవరికి వచ్చిన స్పెల్లింగులో వాళ్ళం రాశాం.

భాష మాట. ఫారం ఇంగ్లీషులో వస్తుంది. సమ్మతి పత్రం ఒడియాలో ఉంటుంది. జవాబు చెప్పే మనిషి తెలుగు మనిషి, కొండవైపు వెళితే సవర మనిషి. "తరచుగా నొప్పి మాత్రలు వాడతారా?" అన్న ఒక్క ప్రశ్న తీసుకోండి. నేను "వారానికోసారైనా నొప్పి బిళ్ళ వేసుకుంటారా?" అని అడుగుతాను. నా జోడీ "రోజూ వేసుకుంటారా?" అని అడుగుతుంది. నా ఫారాల్లో అవునన్నవాళ్ళు ఎక్కువ, ఆమె ఫారాల్లో తక్కువ. పైన కూర్చుని చూసేవారికి అది రెండు వీధుల అలవాట్ల తేడాలా కనబడుతుంది.

ఇలా రాస్తుంటే పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొస్తారు. సవరలతో మాట్లాడటానికి సవర నేర్చుకున్నారు. వాళ్ళ ధ్వనులను రాయడానికి ఒక పద్ధతి ఏర్పరచుకుని దాన్నే పాటించారు. ఆయన సవర భాషా గ్రంథాన్ని 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువును 1938లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. అదీ ప్రజాధనంతో అచ్చయిన పరిశోధనే. ఏ మాటను ఏ గుర్తుతో రాశారో అందరికీ తెలిసేలా పెట్టారు కాబట్టి ఇప్పటికీ పండితులు దాన్ని విప్పి వాడుకోగలుగుతున్నారు. మేము పదేళ్ళ కిందట నింపిన ఫారాలను ఇప్పుడు మేమే విప్పి చదువుకోలేం. కోడ్ షీటు ఎవరి దగ్గర ఉందో తెలియదు. 2013లో ఫైలిన్ తుఫానుకు ఒక ప్రాజెక్టు పెట్టెలు తడిసి ముద్దయ్యాయి. వాటికి రెండో ప్రతి ఎక్కడా లేదని అప్పుడు తెలిసింది.

మీరు ప్రాజెక్టును ఎలా తూస్తున్నారో నాకు తెలిసినంత వరకు చెబుతాను. డబ్బు ఖర్చయిందా లేదా అన్నది 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లోని 12-ఏ ఫారం చెబుతుంది. ఆ యుటిలైజేషన్ సర్టిఫికెట్‌నే అందరం యూసీ అంటాం. యూసీ కోసం ఆఫీసులో పడే హైరానా నేను కళ్ళారా చూశాను. ఆటో రశీదు దగ్గర్నుంచి అతికిస్తారు. తర్వాత తుది నివేదిక, అచ్చయిన పేపర్ల జాబితా. రూపాయి ఎటు పోయిందో చెప్పడానికి దేశమంతటికీ ఒకే ఫారం ఉంది. ఆ రూపాయితో ఏ ఊళ్ళో ఎంతమందిని ఏ పద్ధతిలో పరీక్షించారు, ఏం తెలిసింది, ఆ తెలిసింది ఎక్కడ దొరుకుతుంది అని చెప్పడానికి ఒకే ఫారం లేదు.

దేశం మొత్తం మీద పరిశోధనకు 2020-21లో పెట్టిన ఖర్చు 1,27,381 కోట్ల రూపాయలు, స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం అని మీ శాస్త్ర సాంకేతిక విభాగమే ప్రకటించింది. సంస్థలకు ప్రశ్నావళి పంపి ఆ లెక్క తీస్తారు. ఆ పని విలువైనదే, కాకపోతే అది పైనుంచి చూసిన లెక్క. ఇప్పుడు డబ్బు పెరుగుతోంది. అనుసంధాన్ ఫౌండేషన్ చట్టం 2024 ఫిబ్రవరి 5 నుంచి అమలులోకి వచ్చింది, ఐదేళ్ళకు 50,000 కోట్లు అన్నారు. 2025లో కేంద్ర మంత్రివర్గం పరిశోధన, ఆవిష్కరణలకు లక్ష కోట్ల పథకాన్ని ఆమోదించింది. డబ్బు పెరగాలి, నేను ఒప్పుకుంటాను. అయితే ఇంత సొమ్ము ఊళ్ళ మీదికి దిగేముందే ఫారం సంగతి తేల్చాలి. నీళ్ళు వదిలాక కాలువ తవ్వలేం.

ఇది మన దేశంలో జరగని పని కాదు. వైద్య పరిశోధన మండలే 2007 జూలైలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ మొదలుపెట్టింది. 2009 జూన్ 15 నుంచి మందుల ట్రయల్స్‌కు నమోదు తప్పనిసరి అయింది. మొదటి మనిషిని చేర్చుకోకముందే ఏం కొలుస్తారో, ఎక్కడ కొలుస్తారో, డబ్బు ఎవరిదో బహిరంగంగా రాయాలి. ఎవరైనా తెరిచి చూడవచ్చు. మందు ఇస్తే నమోదు తప్పదు, రక్తం మాత్రమే తీసుకెళ్ళే మా లాంటి సర్వేలకు ఆ నిర్బంధం లేదు. ఎందుకు లేదు?

కిడ్నీ జబ్బు విషయంలోనే ఒక దారి ఉంది. నికరాగ్వాలో, ఎల్ సాల్వడార్‌లో, శ్రీలంకలో, మన ఉద్దానంలో కారణం తెలియని ఇలాంటి జబ్బును పోల్చి చూడాలని అంతర్జాతీయ పరిశోధకుల బృందం ఒకటి డిగ్రీ (DEGREE) అని పేరు పెట్టిన ఉమ్మడి పద్ధతిని 2017లో ప్రచురించింది. ఏ వయసువాళ్ళను చేర్చాలి, క్రియాటినిన్‌ను ఏ ప్రమాణానికి సరిచూడాలి, ఏ ప్రశ్నలు తప్పక అడగాలి అన్నవి అందులో ఉన్నాయి. మన దేశంలో వేరే అవసరాలకు చేసిన మూడు సర్వేల సమాచారాన్ని ఆ పద్ధతి ప్రకారం మళ్ళీ విశ్లేషించి 2019లో ఒక అధ్యయనం వచ్చింది. పాత ఫారాలు కూడా పోల్చదగ్గట్టు ఉంటే కొత్తగా ఒక్క సూది గుచ్చకుండానే కొత్త సంగతి తెలుస్తుంది. ఆ పెద్దాయన వెనక్కి తీసుకున్న చెయ్యి నాకు అందుకే మాటిమాటికీ గుర్తొస్తుంది.

బయటి దేశాల సంగతి ఒకటే చెబుతాను. అమెరికాలో విశ్వవిద్యాలయాల జీతాల లెక్కలను ఒకే పద్ధతిలో కలిపి చూస్తే, పరిశోధన నిధుల నుంచి జీతం తీసుకున్నవారిలో ప్రొఫెసర్లు ఐదో వంతు కూడా లేరని 2014లో తేలింది. మిగతావాళ్ళంతా విద్యార్థులు, టెక్నీషియన్లు, సిబ్బంది. ఆ లెక్క తీసేదాకా వాళ్ళు ఎవరికీ కనబడలేదు. మా సంగతీ అదే. ఏ ఫారం ఎవరు నింపారన్నది చివరి ఫైలులో ఉండదు. నా పేరు పేపర్లో వేయమని అడగడం లేదు. నింపిన మనిషికి ఒక నంబరు ఇవ్వండి, ఆ నంబరును ఫైలు చివరిదాకా ఉంచండి. అప్పుడు నొప్పి బిళ్ళల తేడా మనుషులదా, మా ఇద్దరిదా అన్నది పట్టుకోవచ్చు.

నేను అడుగుతున్నది ఇది. ప్రభుత్వ సొమ్ముతో మనుషుల దగ్గర సమాచారం గానీ, రక్తం గానీ, ఊరి నీళ్ళు, మట్టి గానీ తీసుకునే ప్రతి ప్రాజెక్టుకూ మంజూరైన రోజే ఒక నంబరు, బహిరంగంగా ఒక పేజీ ఉండాలి. ఎవరి డబ్బు, ఎంత, ఏ ఊళ్ళు, జనగణన కోడ్‌తో సహా. ఎవరిని చేర్చుకుంటారు, వలస వెళ్ళినవాళ్ళను ఎలా లెక్కిస్తారు. ఏ పరీక్ష, ఏ పద్ధతి, మళ్ళీ ఎప్పుడు వస్తారు. ప్రశ్నలు తెలుగులో, ఒడియాలో, సవరలో ఏ మాటలతో అడుగుతారు. పని అయ్యాక అదే పేజీలో ఎంతమందిని అనుకున్నారు, ఎంతమంది దొరికారు, ఏం తేలింది, ఏం తేలలేదు. ఏమీ తేలకపోయినా రాయాలి. నా దృష్టిలో అదే ముఖ్యం. ఫలానా కారణం కాదని తేలితే, తర్వాత వచ్చేవాళ్ళు దానికోసం మళ్ళీ సూది పట్టుకుని రాకుండా ఉంటారు. సరిహద్దు జిల్లాల్లో పనిచేసే ప్రాజెక్టులకు ఇంకో రెండు గడులు: పుట్టిన ఊరు, పెళ్ళికి ముందు ఉన్న ఊరు.

చివరి విడత సొమ్మును యూసీ చూసి కాకుండా, ఆ పేజీ నింపి, ఊళ్ళో మనుషులను కూర్చోబెట్టి ఫలితం చెప్పాక విడుదల చేయండి. పరిశోధనలో పాల్గొన్న సమాజానికి ఫలితాలు తెలియజేయాలన్న ఆశయం 2017 నాటి వైద్య పరిశోధన మండలి నైతిక మార్గదర్శకాల్లో ఉన్నదే. దానికి డబ్బుతో ముడి వేయమంటున్నాను.

శాస్త్రవేత్తల అభ్యంతరం నాకు తెలుసు. ఒక పెద్ద డాక్టరు గారే నాతో అన్నారు: ప్రతి పరిశోధనకూ ప్రశ్న వేరు, అందరికీ ఒకే ఫారం రుద్దితే కొత్త ఆలోచన రాదు. ఆ మాటలో నిజముంది. అందుకే ఫారం అంతా ఒకటే ఉండాలని నేను అనడం లేదు. మొదటి పేజీ ఒకటే ఉండాలి. తర్వాతి ఇరవై పేజీలూ ఎవరి ప్రశ్నలు వాళ్ళవి. ఆ మొదటి పేజీ కూడా ఢిల్లీలో కూర్చుని రాస్తే నలభై గడులవుతుంది. మమ్మల్ని కూర్చోబెడితే పదిహేనుకు తెస్తాం. ఏ గడి దగ్గర మనిషి విసుక్కుంటాడో, ఏ గడిని మేము ఇంటికొచ్చి దీపం కింద ఊహించి నింపుతామో మాకు తెలుసు. ఊహించి నింపిన రోజులున్నాయి, దాచను. సాయంత్రానికి ఇరవై ఇళ్ళు కావాలంటే ఇంకేం చేస్తాం?

నా భయం ఇంకొకటి. బహిరంగం అంటే ఊరి దాకానే, మనిషి దాకా కాదు. నాలుగే సవర ఇళ్ళున్న ఊరు పేరు, వయసు, జబ్బు కలిపి పెడితే ఆ మనిషి ఎవరో అందరికీ తెలిసిపోతుంది. పెళ్ళి కావలసిన పిల్లలున్న ఇంట్లో కిడ్నీ జబ్బన్న మాట బయటికి వస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. చిన్న ఊళ్ళ అంకెలను పక్క ఊళ్ళతో కలిపి చూపించే నియమం మొదటి రోజు నుంచే ఉండాలి.

నా దగ్గర పదకొండు నోటు పుస్తకాలున్నాయి. మనుషుల పేర్లు లేవు. ఏ ప్రాజెక్టులో ఏ ప్రశ్నను తెలుగులో ఎలా అడిగామో, ఎక్కడ జవాబులు తడబడ్డాయో, ఏ ఊరి పేరును ఎన్ని రకాలుగా రాశామో నాకోసం రాసుకున్నవి. మొదటి పేజీ తయారుచేసే కమిటీ ఎక్కడ కూర్చున్నా సరే, పలాసలోనో భువనేశ్వర్‌లోనో ఢిల్లీలోనో, వాటిని తీసుకుని వస్తాను. దానికి ముందు ఆ మూడు ప్రాజెక్టుల నంబర్లు మీ దగ్గర ఉంటే పంపించండి. ఆ పెద్దాయనకు ఇంకా జవాబు చెప్పవలసి ఉంది.

ఇట్లు,
ఒక ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్
బరంపురం, గంజాం జిల్లా